తలకాయతో తినే దేశాలు

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన నాకో టీ బడ్డీ ఉంది. నా పేరు గవర్రాజు. జనం మాత్రం విదేశాంగ మంత్రి అంటారు. ఎగతాళికే అంటారని తెల్సు. అయినా ఆ మాట ఇనగానే నా ఛాతీ పొంగుతాది. సిగ్గులేని జన్మ!

రోజంతా ఫోన్లో వీడియోలే. ఏ దేశం ఎవడి పక్క సేరింది, ఏ సముద్రంలోకి ఎవడి ఓడ దూరింది, అన్నీ నాకే కావాలి. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా సూసుకోను. నా భార్య మంగాయమ్మ మాత్రం తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి అచ్యుతాపురం ఎలిపోద్ది. అక్కడ రొయ్యల ఫ్యాక్టరీలో తలకాయలు తీసి పొట్టు ఒలిచే పని. బడ్డీ నా నోటి దురద తీరడానికే. ఇల్లు నడిసేది ఆవిడ వేళ్ళ మీదే.

అమెరికావోడు మన సరుకు మీద పన్ను బాదీసినాడు. రొయ్యల మీదా పడ్డాది. ఆ సాయంత్రం మంగాయమ్మ మొహం ఏలాడేసుకుని వచ్చింది.

"పని తగ్గించీసినారు. ఇలాగే ఉంటే మమ్మల్ని ఆపెస్తారంట. ఏటవుతాదంటావ్?" అంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి నన్నో మాట అడిగింది. ఇంక నన్ను పట్టీదెవరు?

"భయపడకే. ఈడికీ ఆడికీ పడదు కదా! ఈడు కాదంటే ఆడు కొంటాడు. సైనావోడు వస్తాడు, సూడు," అనీసినాను. పిచ్చిది, నమ్మీసింది. అదే నన్ను ఇప్పటికీ తినేస్తన్నాది.

జగ్గయ్య బావ పోర్టులో క్రేన్ నడుపుతాడు. రోజూ నా బల్ల మీదే టీ తాగుతాడు. "నీ మాట సైనావోడు ఇంటాడేటి బావా?" అని నవ్వీవోడు. నాను ఇంకో వీడియో ఎట్టి ఆయన నోరు మూయించీవోడిని. అమెరికా మీద కోపంతో బడ్డీలో ఆళ్ళ కూల్‌డ్రింకులు కూడా ఆపీసినాను. ఆళ్ళకి నష్టం వచ్చిందో లేదో గాని, ఎదర బడ్డీవోడికి బేరం పెరిగింది.

ఓ మధ్యాన్నం జగ్గయ్య బావ పరుగు లాంటి నడకతో వచ్చినాడు.

"బావా, నువ్వు సెప్పినట్టే అయ్యింది! రొయ్యల కంటైనర్లు సైనాకి ఎక్కుతన్నాయి. పోర్టులో అందరిదీ అదే మాట."

ఓలమ్మో, నా సంబడం సూడాలి! ఉన్నోళ్ళందరికీ ఊరికినే టీ పోసినాను. ఆ గ్లాసులు ఖాళీ అవ్వకముందే మంగాయమ్మ బస్సు దిగింది. ఇంటికొచ్చే ఏళ కాదది. అది కూడా నాకు తట్టలేదు.

"సూసినావా మరి! నాను సెప్పలే?" అని దూరం నుంచే కేకేసినాను.

ఆవిడ బల్ల మీద కూకుని మంచినీళ్ళు తాగింది.

"సైనావోళ్ళకి రొయ్యల తలకాయలు ఉండాలంట. పొట్టూ తోకా అన్నీ ఉంచి పంపాలంట. ఐసులో ఎట్టి పెట్టెల్లో సర్దీడమే. ఒలిసీవోళ్ళు అక్కర్లేదని మా షిఫ్టు మొత్తం పంపించీసినారు."

నాకు ఏడుపొచ్చింది. అయినా నా నోట్లోంచి ఏటొచ్చిందో తెల్సా? "తలకాయలతోటే తింటారా?" అన్నాను. దేశాల గుట్టంతా తెల్సిన మంత్రి మాట అది.

ఇప్పుడు మంగాయమ్మ బడ్డీలోనే ఉంటాది. గ్లాసులు కడుగుతాది, అల్లం దంచుతాది. ఆ వేళ్ళకి ఈ పని సాలదు. అల్లం అయిపోయినాక కూడా సేతులు ఊరుకోవు, అంటుకున్న తొక్కలు గిల్లుతా ఉంటాది. నాను అటు సూడలేను.

జనం మారలేదు. నిన్న కూడా జగ్గయ్య బావ పేపరు మడత ఇప్పి, "మన రొయ్యలు రష్యావోడు కొంటాడంట బావా! మరి ఏటంటావ్?" అన్నాడు.

నాను నోరు తెరిసినాను. పొయ్యి ఎనక నుంచి మంగాయమ్మ అడిగింది.

"ఆళ్ళు తలకాయ తీసి తింటారా, ఉంచి తింటారా?"

అందరూ నా వైపు సూసినారు. ఇన్ని వీడియోలు సూసినాను గాని, అది మాత్రం ఎవడూ సెప్పలేదు.

"నాకు తెల్దే," అన్నాను.