వచ్చే సెప్టెంబరు కెర్విన్

మా అక్క నోర్మా కొడుకు కెర్విన్ ఒక సంవత్సరం పుచ్చుకున్నాడు. మందు పుచ్చుకునేవాళ్ళు నాకు తెలుసు, సెలవు పుచ్చుకునేవాళ్ళు తెలుసు. సంవత్సరానికి సంవత్సరమే పుచ్చుకుని మామిడిచెట్టు కింద ఊయల్లో పడుకున్న మనిషిని మాత్రం ఈ కరియాకూ దీవి మొత్తం మీద వీణ్ణొక్కణ్ణే చూశాను.

పొడుగ్గా, ముచ్చటగా ఉంటాడు. మాట తియ్యన. చొక్కా మడత ఎప్పుడూ నలగదు, నలిగే పని ఏదైనా చేస్తేగా. రేవులో కుర్రాళ్ళు వాడికి ‘వచ్చే సెప్టెంబరు’ అని పేరు పెట్టారు. ఇంగ్లండు ఎప్పుడు వెళ్తున్నావని ఎవరడిగినా వాడి దగ్గర ఆ ఒక్క జవాబే ఉండేది మరి. పేరు పెట్టి పిలిస్తే రోషమైనా రావాలా, అదీ లేదు. పల్లకీలో పెళ్ళికొడుకులా చెయ్యి ఊపేవాడు.

వాడూ, నా కూతురు జొనెలూ ఒకే ఏడు పుట్టారు. వాడు నాలుగు నెలలు పెద్ద. ఇద్దరూ పక్కనున్న పెద్ద దీవి గ్రెనడా వెళ్ళి రెండేళ్ళు కాలేజీలో చదివారు. జొనెల్ క్రిస్మస్‌కి వచ్చేది, మళ్ళీ ఈస్టర్‌కి వచ్చేది. కెర్విన్ ప్రతి శుక్రవారం సాయంత్రం ఫెర్రీ దిగేవాడు. తన చేతి కూర లేనిదే వాడికి ముద్ద దిగదని మా అక్క మురిసిపోయేది. ఆదివారం సాయంత్రం మళ్ళీ వాణ్ణి రేవుకి దిగబెట్టడానికి మాత్రం ఇల్లంతా కదలాల్సి వచ్చేది. ఇద్దరికీ మంచి మార్కులే వచ్చాయి. వాడికి తెలివి లేదని నేనెప్పుడూ అనలేదు.

ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో మా అమ్మ చెల్లెలు అగథా ఉంటుంది. ఆమె ఇంట్లో వెనక గది ఖాళీ. మా పిల్లలెవరు అక్కడ చదువుకోవాలన్నా ఆ గదిలో ఉండి, ఆమె చేతి వంట తిని చదువుకోవాలి. ఆ గది లేకపోతే మాలాంటి వాళ్ళకి అక్కడి చదువు ఊసే లేదు. గది ఒక్కటి, మంచం ఒక్కటి. అందుకని ఒకరి తర్వాత ఒకరు, పెద్దవాళ్ళు ముందు. ఇది మా అమ్మ ఉర్సులా పెట్టిన కట్టడి. ఆమె గీత గీస్తే మా ఇంట్లో దాటేవాళ్ళు లేరు. కాబట్టి కెర్విన్ వెళ్ళి, చదివి, గది ఖాళీ చేశాకే నా పిల్ల వంతు. లేదా వాడు నాకొద్దని నోరు తెరిచి చెప్పాలి.

వాడు ఆ రెండూ చెయ్యలేదు. ఆదివారం అందరం భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు మా అమ్మతో చల్లగా ప్రకటించాడు.

“నేను ఇప్పుడే అప్లికేషన్ పెట్టను గ్రానీ. ఒక ఏడాది ఆగుతాను. బయట పెద్దింటి పిల్లలందరూ అలాగే చేస్తారు. ముందు లోకం చూడాలి, నన్ను నేను వెతుక్కోవాలి. అప్పుడు పెడితే యూనివర్సిటీల వాళ్ళు కళ్ళకద్దుకుంటారు.”

“ఎక్కడ పారేసుకున్నావురా నిన్ను?” అన్నాను. “ఈ చివర నుంచి ఆ చివరికి పూట నడక లేదు మన దీవి. పొద్దున్నే బయల్దేరు, భోజనం వేళకి దొరుకుతావు.”

“టాంటీ మెరిల్‌కి అన్నీ వేళాకోళమే,” అని నన్ను చూసి నవ్వాడు. మా దీవిలో పిన్నిని టాంటీ అంటారు.

“నీకు తెలీదులే మెరిల్. ఇప్పుడంతా ఇదే పద్ధతి,” అంది మా అక్క. ఆమెకి అప్పటిదాకా అలాంటి పద్ధతి ఒకటుందని తెలిస్తే ఒట్టు.

ఆ ఏడాది వాడు లోకం చూసిన వైనం ఇది. తాబేళ్ళను కాపాడతానని ఇసుకతీరానికి రెండు రోజులు వెళ్ళాడు. మూడో రోజు తాబేళ్ళే వాటి సంగతి అవి చూసుకున్నాయి. పడవలు కట్టడం నేర్చుకుంటానని విండ్‌వర్డ్ అనే ఊరు వెళ్ళి, అక్కడివాళ్ళు చెక్క చిత్రిక పడుతుంటే పక్కన కూర్చుని వాళ్ళ చేపల పులుసు తిని వచ్చాడు. గిటారు కొన్నాడు. అప్లికేషన్‌తో పాటు తన గురించి తాను ఒక వ్యాసం రాయాలట. ‘నేను ఒక చిన్న దీవిలో పుట్టాను’ అని మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి ఇంకా పుట్టే ఉన్నాడు, రెండో వాక్యం రాలేదు.

కానీ సలహాలు చెప్పడంలో వాడి తర్వాతే ఎవరైనా. ఏ యూనివర్సిటీ మంచిది, ఏ కోర్సుకి ఏం రాయాలి, ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలి, అన్నీ ఊయల్లోంచే. చుట్టుపక్కల పిల్లలు వచ్చి శ్రద్ధగా విని వెళ్ళేవాళ్ళు. వాళ్ళలో ఇద్దరు నిజంగానే కెనడా వెళ్ళిపోయారు కూడా. వాళ్ళను సాగనంపడానికి వీడు రేవుకి వెళ్ళి, జాగ్రత్తలు చెప్పి, ఇంటికొచ్చి మళ్ళీ పడుకున్నాడు.

జొనెల్ తెల్లారగట్ల నాతో పాటు లేచి అమ్మకానికి రొట్టెలు కాల్చేది. తర్వాత స్నానం చేసి చిన్న బడికి వెళ్ళి, సెలవు మీద ఉన్న పంతులమ్మ బదులు పాఠాలు చెప్పేది. దానికి ఫార్మసీ చదవాలని. పుస్తకాలు తెప్పించుకుని పొయ్యి వేడిలో కూర్చుని చదువుకునేది. ఒక్కసారైనా కెర్విన్‌ని పల్లెత్తు మాట అనలేదు. వాడి బదులు దాన్ని తిట్టాలనిపించేది నాకు.

రెండో సెప్టెంబరు కూడా వచ్చి వెళ్ళింది. ఈసారి మా అక్క కూడా పద్ధతి గురించి మాట్లాడలేదు. “వాడి ఆలోచన ఇంకా ఒక కొలిక్కి రాలేదు,” అని ఊరుకుంది.

డిసెంబరులో అగథా పిన్ని ఫోన్ చేసింది. మా అమ్మ వినబడదని స్పీకర్‌లో పెట్టిస్తుంది, కాబట్టి అందరం విన్నాం.

“ఉర్సులా, నా మోకాళ్ళు ఈ చలికి పనికిరావడం లేదు. ఇంకొక్కరి చదువు దాకా ఆగుతాను. ఆ తర్వాత ఇల్లు అమ్మేసి మన దీవికి వచ్చేస్తా. వచ్చే సెప్టెంబరుకి ఎవరైనా రాదలిస్తే రండి. రాకపోతే వసంతంలోనే అమ్మకానికి పెడతా. జనవరిలోగా అప్లికేషన్ పెట్టాలి కదా, తేల్చుకోండి.”

అందరం కెర్విన్ వైపు చూశాం. ఆ రాత్రి గడిచి తెల్లారేసరికి వాడికి కల వచ్చేసింది.

మా దీవిలో కల అంటే మామూలు సంగతి కాదు. చనిపోయిన పెద్దలు కలలో వచ్చి ఆకలి అంటే వండి పెట్టాలి. వద్దంటే ఆగాలి. దానికి ఎదురు చెప్పేవాళ్ళు ఇక్కడ పుట్టలేదు. కెర్విన్ కల్లోకి మా తాత జాబెజ్, అంటే మా అమ్మ తండ్రి, వచ్చాడట. తెల్ల టోపీ పెట్టుకుని, ఈ ఏడు నీళ్ళు బాగా లేవు, పడవెక్కొద్దు, ఆగు అన్నాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. జాబెజ్ తాత పడవ సరంగు. బతికున్నంత కాలం ఆయన నోటి నుంచి ఆగు అన్న మాట విన్నవాళ్ళు లేరు. మూట తెచ్చుకుంటానని వెనక్కి వెళ్ళిన సొంత బావమరిదిని రేవులో వదిలేసి తెరచాప ఎత్తిన మనిషి ఆయన. చచ్చాక ఇంత నిదానం ఎక్కడ నేర్చుకున్నాడో మరి. కానీ పైకి ఏమనగలను? కల చూసినవాడిదే సాక్ష్యం. మా అక్క అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది. మా అమ్మ కాసేపు ఆలోచించి, “అయితే శనివారం ఆయనకి పెట్టుకుందాం. పెట్టాక మాట్లాడదాం,” అంది.

కలకి విరుగుడు ఇంకో కలే. నేను జొనెల్‌ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అంతా నేర్పాను.

“నీ కల్లోకి కూడా వచ్చాడని చెప్పు. పడవలో కూర్చుని, రావే పిల్లా, గాలి బాగుంది అన్నాడని చెప్పు. అంతకంటే ఎక్కువ వద్దు. టోపీ సంగతి మర్చిపోకు.”

“అమ్మా, నాకు రాలేదు కదా.”

“వాడికి మాత్రం వచ్చిందా?”

అది పిండి పిసుకుతూ ఉండిపోయింది. ఒప్పుకుందనే అనుకున్నాను.

శనివారం పెరట్లో రాగి కాగులు పెట్టాం. మగవాళ్ళు తెడ్లతో మొక్కజొన్న సంకటి కలిపారు. మేక మాంసం, పచ్చి కందుల కూర, అన్నం, అన్నీ ఉప్పు లేకుండానే. పెద్దలకి ఉప్పు పనికిరాదు. లోపల గదిలో బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి జాబెజ్ తాత పళ్ళెం పెట్టాం. మా అమ్మ గుమ్మంలో నిలబడి నేల మీద రమ్ము చిలకరించి, నీళ్ళు చిలకరించి, ఆయన్ని పేరు పెట్టి పిలిచింది. తర్వాత కుర్చీ తెప్పించుకుని కూర్చుంది.

“కెర్విన్, మా నాన్న నీతో ఏమన్నాడో అందరి ముందూ చెప్పు.”

వాడు చెప్పాడు. చాలా బాగా చెప్పాడు. నీళ్ళ రంగు కూడా చెప్పాడు.

“ఆగమన్నది నిన్నేనా?”

“నన్నే గ్రానీ.”

“ఇంకెవరికైనా వచ్చాడా?”

నేను జొనెల్ వైపు చూశాను. అది చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది.

“నాకు రాలేదు గ్రానీ. చచ్చిపోయినవాళ్ళెవరూ నాతో ఏమీ చెప్పలేదు. నాకే వెళ్ళాలని ఉంది. రెండేళ్ళ నుంచీ ఉంది.”

నాకు తల కొట్టేసినట్టయింది. నేర్పిన నాలుగు ముక్కలు చెప్పడానికి నోరు రాలేదు దీనికి. అయిపోయింది, ఇక జీవితాంతం నాతో రొట్టెలు కాలుస్తుంది అనుకున్నాను.

“నిన్ను ఆగమని ఎవరూ అనలేదా?” అంది మా అమ్మ.

“పోయిన పెద్దలెవరూ అనలేదు.”

“మరి రెండేళ్ళూ ఎందుకాగావు?”

“మీరన్నారని.”

మా అమ్మతో అలా ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ఆమె తన చేతికర్రను నేలకి ఆనించి నిటారుగా కూర్చుంది.

“మా నాన్న మాట మార్చడం నా వల్ల కాదు,” అంది. “కెర్విన్ ఆగాల్సిందే. ఆయన మళ్ళీ కల్లోకి వచ్చి వెళ్ళమనేదాకా ఆగాలి. నేనింకా బతికే ఉన్నాను. నా మాట నేను మార్చుకోవచ్చు. పిల్ల వెళ్తుంది.”

“అమ్మా, వాడు పెద్దవాడు కదా,” అంది నోర్మా.

“పెద్దవాడే. అందుకే పెద్దాయన వాడి దగ్గరికి వచ్చాడు.”

కళ్ళు చెమర్చి నాకు ఎదురుగా ఉన్నవాళ్ళు ఎవరో కూడా సరిగ్గా కనబడలేదు. తుడుచుకుని, ఇప్పుడేమంటావురా అన్నట్టు కెర్విన్ వైపు తిరిగాను. వాడు కుమిలిపోతుంటే చూడాలని నా కోరిక, దాచుకోను. వాడు కుమిలిపోవడం లేదు. జ్వరం దిగినవాడిలా తేటగా ఉంది మొహం. వెళ్ళి పళ్ళెం నిండా సంకటి పెట్టించుకుని తిన్నాడు. మళ్ళీ వెళ్ళి పెట్టించుకున్నాడు. అప్పటిదాకా వాడు సోమరి అనుకుని రెండేళ్ళు తిట్టుకున్నాను. తిట్టాల్సింది అందుక్కాదని అప్పుడు తెలిసింది.

జొనెల్ అప్లికేషన్ జనవరిలో వెళ్ళింది. వ్యాసం ఎలా రాయాలో కెర్విన్ సలహా చెప్పబోతే, వద్దులే అంది మర్యాదగా. సెప్టెంబరులో దాన్ని ఫెర్రీ ఎక్కించడానికి వెళ్ళాం. పెట్టె కెర్విన్ మోశాడు. పడవెక్కే పలక దాకా మోసి, అక్కడ ఆగి, చేతులు చాపి పడవలో మనిషికి అందించాడు. వాడి కాలు పలక మీద పడలేదు.

ఫెర్రీ మలుపు తిరిగేదాకా చూశాను. అందరూ వెళ్ళిపోయాక కూడా వాడు నా పక్కనే నిలబడ్డాడు.

“టాంటీ, ముత్తాత నా కల్లోకి రాలేదు.”

“తెలుసు.”

“గ్రెనడాలో ఉన్నప్పుడు ఆదివారం వస్తే రేవుకి వెళ్ళబుద్ధయ్యేది కాదు. గదిలో ఒక్కణ్ణీ తలుపేసుకుని శుక్రవారం కోసం చూసేవాణ్ణి. ఇంగ్లండు అంటే శుక్రవారాలు ఉండవు కదా. భయమేసింది.”

“ఆ మాట మొదట్లోనే చెప్పొచ్చుగా.”

“నవ్వుతారని.”

“నవ్వేవాళ్ళమే. అందరికంటే ముందు నేనే నవ్వేదాన్ని. ఒక వారం నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. ఆ సెప్టెంబరులోనే నా పిల్ల పడవెక్కేది. ఈపాటికి సగం చదువు అయిపోయేది దానికి.”

వాడు తల వంచుకున్నాడు. అంత పొడుగు మనిషి, ఏడుపు ఆపుకుంటూ నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎవరైనా జాలిపడతారు. ఆ రెండేళ్ళూ వాడి సొంతమైతే నేనూ పడేదాన్నే.