జరగని పెళ్లికి కుట్టని బట్టలు

లాహోర్ ఇఛ్రా బజారులో ఆడవాళ్ల బట్టలు కుట్టే, అందరూ అక్కా అన్నట్టు 'ఆపా' అని పిలిచే శగుఫ్తా ఆపా నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి, ఒళ్లో నవలల మాసపత్రిక ఉంటుంది. ఆమె ప్రాణంగా చదివిన నవలలో నాయిక, తనను చెంపదెబ్బ కొట్టినవాణ్ణి కాదని వెళ్లిపోతుంది. ఆ నవలను సీరియల్‌గా తీసిన టీవీవాళ్లు మాత్రం, చివరి భాగంలో ఆమెను వెనక్కి తీసుకొచ్చి వాడికే ఇచ్చి పెళ్లి చేశారు. మర్నాడే నాయాబ్ అనే పెళ్లికూతురు వచ్చి, ఫోనులో ఆ నాయిక ఎర్ర లెహంగా చూపించింది.

"అచ్చం ఇదే కుట్టాలి, ఆపా."

నోట్లో సూదులుండగా తిట్టడం కుదరదు గనక, ఆపా వాటిని తీసి పక్కన పెట్టింది. "ఆ పెళ్లి జరగలేదు, బేటీ."

"ఊరంతా చూశాం కదా!"

"రాసినావిడ చెయ్యలేదు. లేని పెళ్లికి నేను కుట్టను."

"సీజనులో వచ్చిన బేరం పోగొట్టుకుంటారా? పక్క కొట్టువాడు కుడతాడు."

"కుట్టించుకో. నీ పెళ్లికైతే కళ్లు పోయినా కుడతా. దాని పెళ్లికి మాత్రం కత్తెర పట్టను."

నాయాబ్ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "నా పెళ్లికైతే ఏ రంగు?"

ఆపా కళ్లజోడు సర్దుకుని, ఆ పిల్ల ముఖాన్ని మొదటిసారి తేరిపార చూసింది.