ప్రార్థన ఆపిన పిల్ల

మంత్రాలయం దగ్గరి ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచరుగా ఉన్నప్పటి సంగతి ఇది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మా వైపు మిరపకోతలకు గుంటూరు వెళ్లడాన్ని సుగ్గికి పోవడం అంటారు. మూడో తరగతి పిల్ల ఒకతి అమ్మానాన్నలతో సుగ్గికి పోయి, ఒంటిపూట బడులు మొదలయ్యాక తిరిగొచ్చింది. కోతల్లో చేతులు పొక్కి తోలు లేచిపోయి ఉంది. ఆ పిల్ల గదిలో అడుగు పెడితే చాలు, పిల్లలంతా ఒకేసారి దొంగ తుమ్ములు తుమ్మేవాళ్లు. నేర్పినవాడు ఐదో తరగతిలో ఉన్నాడు, ఊరి పెద్దాయన మనవడు.

హెడ్మాస్టరుతో చెప్పాను.

"పిల్లకాయల ఆట గదా మేడం, దాన్ని అంత పెద్దది చేస్తాండారేల?" అన్నాడాయన.

నాలుగో రోజుకు ఆ పిల్ల బడి మానేసింది.

మా స్కూలు లీడరు ఐదో తరగతి అమ్మాయి. గొంతు పెద్దది, ప్రార్థన బాగా చెప్పిస్తుందని ఆమెకు ఆ బ్యాడ్జీ ఇచ్చాం, అంతే. ఎవరూ చెప్పకుండానే ముగ్గురు స్నేహితురాళ్లను వెంటేసుకుని ఆ మూడో తరగతి పిల్ల ఇంటికి పోయి, మరుసటి రోజు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వరుసలో నిలబెట్టిందో లేదో తుమ్ములు మొదలయ్యాయి.

లీడరు ప్రార్థన ఆపేసింది.

"తుమ్మినోళ్లు ముందుకు రాండి. వచ్చేదాకా నేను చెప్పను."

ఎండ చుర్రుమంటోంది. హెడ్మాస్టరు కసిరినా ఆమె కదల్లేదు. చివరికి ఒకటో తరగతి పిల్లలు ఇద్దరు భయపడుతూ ముందుకొచ్చారు.

"మీరు కాదు. మీకు నేర్పించినోడు రావల్ల."

అందరి చూపులూ తనమీదే ఉండేసరికి మనవడికి రాక తప్పలేదు.

"ఏల తుమ్ముతాండావు?"

"ఆయమ్మి దగ్గర కారం వాసన వస్తాది."

"మీ ఇంట్లో కూరలోకి కారం యాడ్నుంచి వస్తాది? ఎవురో ఒకరు చేతులు కాల్చుకుని కోస్తేనే గదా?"

వాడు వెనక్కి వరుసలోకి పోయాడు. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. మళ్లీ ప్రార్థన మొదలుపెట్టింది.

మరునాడు వాడి తాత బడికొచ్చాడు. "మా వాణ్ని అందరి ముందరా నిలబెడ్తారా?" అన్నాడు. హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచి నిలబడే మాట్లాడాడు. లీడరును పిలిచి క్షమాపణ చెప్పమన్నాడు.

"నేను తప్పు చేయలేదు సార్" అంది ఆమె.

అక్కడికక్కడే ఆమె బ్యాడ్జీ తీసి ఆ మనవడికి పెట్టాడు. ఆమె నా వైపు చూసింది. నేను ఆ గదిలోనే ఉన్నాను. నోరు తెరవలేదు. బదిలీల కాలం, లేనిపోని గొడవ ఎందుకనుకున్నాను.

బ్యాడ్జీ పోయినా ఆమె పని మానలేదు. ఐదో తరగతి ఆడపిల్లలు వంతులు వేసుకుని, రోజుకొకరు అన్నం దగ్గర ఆ పిల్ల పక్కన కూర్చున్నారు. పది రోజుల్లో తుమ్ములు ఆగిపోయాయి. సుగ్గికి పోయొచ్చిన పిల్ల పరీక్షలు కూడా రాసింది.

తర్వాత మండలం నుంచి అధికారి వచ్చాడు. "మా బడిలో పిల్లల్ని ఏడిపించేవాళ్లే లేరు సార్, అంతా విద్యార్థి నాయకుడే చూసుకుంటాడు" అని హెడ్మాస్టరు ఆ మనవణ్ని చూపించాడు. అధికారి వాడి భుజం తట్టాడు. ఫోటో తీసి యాప్‌లో ఎక్కించమన్నారు. తీసింది నేనే, ఎక్కించిందీ నేనే. హెడ్మాస్టరు మీద ఎంత కోపముందో, ఆ ఫోన్ పట్టుకున్న నా చేతుల మీదా అంతే ఉంది.

ఆఖరి పనిరోజున బ్యాడ్జీ పోయిన ఆ అమ్మాయిని పక్కకు పిలిచాను. "ఆ రోజు నీ తరఫున మాట్లాడాల్సింది, మాట్లాడలేదు" అన్నాను.

"మాట్లాడింటే బాగుండు మేడం" అంది.

ఖోఖో ఆడుతున్న పిల్లల్లోకి వెళ్లిపోయింది.