హాజరైన ఫోటో

మా ఆయనకు సెలూన్ ఉంది. మహమ్మారి వచ్చి దాని షట్టర్ దించేశాక చేతులు ఊరుకోక, ఎప్పుడో సెకండ్‌హ్యాండ్‌లో కొని అటక మీద పడేసిన కెమెరా కిందికి దించాడు. ఇక చూడాలి ఆయన అవతారం! పొద్దున్నే కిటికీ దగ్గర నేను ఉల్లిపాయలు తరుగుతుంటే, "కొంచెం పక్కకు జరగవే, వెలుగు పోతోంది" అనేవాడు. "ఆ వెలుగుతో కడుపు నిండుతుందా?" అని విసుక్కునేదాన్ని. నా మాట చెవిన పడితేగా!

ఆయన చెల్లెలి కూతురు అప్పట్లో మా దగ్గరే ఉండేది. మా ఆడపడుచు నర్సు. ఇంటికి జబ్బు మోసుకొస్తానేమోనని పిల్లను మాకు అప్పగించి ఆసుపత్రిలోనే ఉండిపోయింది. ఆమె భర్తకు ఆ జబ్బే సోకి అదే ఆసుపత్రిలో చేరాడు. అతను పోయాడని ఫోన్ వచ్చినప్పుడు పిల్ల ఆన్‌లైన్ క్లాసులో ఉంది. నేను కేక పెట్టాను. పిల్లకు సంగతి అర్థమైపోయి కూర్చున్నచోటే బావురుమంది. ల్యాప్‌టాప్ కెమెరా ఆపాలని మాకెవరికీ తోచలేదు. తోటిపిల్లలంతా గుడ్లప్పగించి చూశారు.

ఆ తర్వాత అది ల్యాప్‌టాప్ ముందు కూర్చోనంది. "అందరూ చూశారత్తయ్యా. మళ్లీ అట్లాగే చూస్తారు," అంది. అంతే, మాటలే తగ్గిపోయాయి. అన్నం పెడితే తినేది, లేకపోతే లేదు. బడివాళ్లేమో ముఖం కనబడకపోతే గైర్హాజరేనన్నారు. ఏడాది పోతే పోనీ, ఈ పిల్ల ఇక ఎవరికీ ముఖం చూపించదేమోనని నాకు బెంగ పట్టుకుంది.

"నీ బదులు నీ ఫోటోను కూర్చోబెడదామా?" అన్నాడు మా ఆయన.

"మతి గానీ పోయిందా?" అన్నాను. పిల్ల మాత్రం తల ఎత్తి మామయ్య వైపు చూసింది.

పొద్దుటి ఎండ బల్ల మీద పడే వేళ చూసి, గౌన్లు మార్పించి మార్పించి ఫోటోలు తీశాడు. వీధి చివర స్టూడియోవాడి కాళ్లావేళ్లా పడి మెరవని కాగితం మీద పెద్దవిగా వేయించాడు. అట్టకు అంటించి, రోజుకొకటి ల్యాప్‌టాప్ కెమెరాకు ఎదురుగా నిలబెట్టేవాడు. అచ్చం పిల్ల కూర్చున్నట్టే ఉండేది! అది బల్ల పక్కన నేల మీద ముడుచుకుని కూర్చుని పాఠం వినేది. ఆయన తన పనితనానికి మురిసిపోతుంటే, ఎప్పుడు దొరికిపోతామోనని నాకు గుండె పీచుపీచుమనేది.

ఒకరోజు కుండపోత వాన. పాఠం అయ్యి పిల్లలంతా వెళ్లిపోయాక టీచరమ్మ గొంతు వినిపించింది. "ఏమ్మా, ఊరంతా వాన పడుతుంటే మీ ఇంట్లో ఎండ కాస్తోందే!"

మా ఆయన ముఖాన నెత్తురు చుక్క లేదు. వెలుగు వెలుగంటూ నా ప్రాణం తోడేసిన మనిషికి, బయట వానపడితే ఆ వెలుగే పట్టిస్తుందని తట్టనేలేదు!

"కంగారు పడకు. హాజరు వేస్తున్నాలే," అంది టీచరమ్మ. "నీకు రావాలనిపించినప్పుడే రా తల్లీ."

అప్పటినుంచి క్లాసయ్యాక ఆవిడ కాసేపు ఆగి ఆ ఫోటోతో కబుర్లు చెప్పేది. ఒంట్లో బాగాలేని వాళ్లమ్మ మందు మింగనని మొండికేయడం, కూరలో తను ఉప్పు మరిచిపోవడం, అన్నీ చెప్పేది. పిల్ల వినేది. జవాబు మాత్రం చెప్పేది కాదు.

ఒకనాడు తెర మీద టీచరమ్మ ఉండాల్సినచోట అంతా నలుపే. గొంతు మాత్రం వచ్చింది. "పిల్లలూ, మా అమ్మ పోయింది. ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక క్లాసుకొచ్చాను. ఈ రోజు కెమెరా పెట్టను. నా ముఖం మీకు చూపించలేను."

నేల మీద నుంచి పిల్ల లేచింది. ఫోటోను పక్కకు తోసేసి కుర్చీలో కూర్చుంది. జుట్టంతా రేగిపోయి ఉంది. మా ఆయన గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"టీచర్, నేనే. ఫోటో కాదు," అంది పిల్ల. మాటలు కూడదీసుకుంటూ, "ఏడుపొస్తే ఏడవండి టీచర్. నేనేడిస్తే మీరంతా చూశారుగా. ఏం కాలేదు," అంది.

చాలాసేపటికి తెర మీద టీచరమ్మ ముఖం వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆవిడ ఏడుపు ఆగేదాకా పిల్ల చూపు తిప్పుకోకుండా ఆవిడ ఎదురుగా కూర్చుంది.