గలాలీ ఇంట్లో గంగారాం అన్న

మొన్న నిజామాబాదులో ఒక ఇంటికి గ్యాసు గీజరు చూడటానికి వెళ్ళాను. స్నానాల గది కిటికీ అద్దానికి లోపలివైపు చెమ్మ పట్టి సన్నటి ధారలుగా కారుతోంది. చలికాలం, వేడినీళ్ళ గది, చెమ్మ పట్టడంలో వింతేముంది అంటారు ఎవరైనా. నాకు మాత్రం ఆ తడి అద్దం చూడగానే మెడ వెనక చల్లబడింది. ఇంటావిడ ఏదో చెబుతోంది గానీ ఒక్క ముక్కా చెవికెక్కలేదు. ముందు గీజరు ఆపి, కిటికీ బార్లా తీసి, ఆమెను బయటికి రమ్మన్నాను. ఇలాంటప్పుడు నా చేతులను కదిలించేది నా తెలివి కాదు, గంగారాం అన్న. ఆయన మీకెవరికీ తెలియదు. తెలిసిన వాళ్ళం కూడా ఇప్పుడు పదిమందికి మించి ఉండం.

తొంభైల చివర్లో బహ్రెయిన్‌లో తుబ్లీ వైపు ఒక చిన్న రిపేరు షాపులో ఆయన పెద్ద మెకానిక్కు, నేను ఆయన కింద పనివాణ్ణి. ఇద్దరిదీ ఆర్మూరు పక్కనే. మా ఊళ్ళవాళ్ళ లెక్కలో మేమిద్దరం దుబాయిలోనే ఉన్నట్టు. అంతకు ముందు నాలుగేళ్ళు సిమెంటు బస్తాలు మోసిన నాకు పానా పట్టుకోవడం నుంచి వైరు మెలిపెట్టడం దాకా నేర్పింది ఆయనే. ఏ ఇంటికి వెళ్ళినా గంగారాం అన్న ముందు యంత్రం ముట్టడు. సామాన్ సంచి కింద పెట్టి, ఆ ఇంట్లో ఎక్కువసేపు ఉండే మనిషి ఎవరో కనుక్కుంటాడు. ఆ మనిషి సాధారణంగా యజమాని కాదు. వంటమనిషో, మంచాన పడ్డ ముసలమ్మో అయి ఉంటుంది. వాళ్ళ దగ్గర కూర్చుని ఏం వినబడుతోంది, ఏం వాసన వస్తోంది, ఒంట్లో ఎలా ఉంది అని తన హిందీలో తాపీగా అడిగేవాడు. బాగుచేయాల్సింది యంత్రమైతే మనుషుల ఒంటి సంగతి మనకెందుకని నేను లోపల విసుక్కునేవాణ్ణి. రోజుకు ఆరిళ్ళు తిరగాల్సిన చోట ఆయన మూడే తిరిగేవాడు, అదీ మాకు వీసా ఇచ్చిన షాపు యజమాని, కఫీల్ చేత తిట్లు తింటూ.

ఒక చలికాలం నన్ను ఒంటరిగా గలాలీలోని ఒక ఇంటికి పంపారు. యజమాని విదేశంలో చదువుకుని వచ్చినవాడు, అక్కడి ఇళ్ళలోలాగా గ్యాసు బాయిలర్ తెప్పించి పెట్టించుకున్నాడు. గంటసేపు నడిచి ఆగిపోతోంది, చిన్న తెరమీద ఎర్రగా ఈ-3 అని వెలుగుతోంది. పుస్తకం తిరగేస్తే అర్థం తెలిసింది. పొగ గొట్టం గుండా పైకి పోకుండా వెనక్కి తిరిగి గదిలోకి వస్తోందని సెన్సర్ చెబుతోంది. రీసెట్ నొక్కాను, మళ్ళీ వచ్చింది. మూడుసార్లు అంతే. మర్నాడు చుట్టాలు వస్తున్నారని ఇంటావిడ తొందరపెడుతోంది. నేను డాబా ఎక్కి గొట్టం చూడాలి. ఎక్కలేదు. సెన్సర్‌కు వెళ్ళే రెండు తీగలనూ ఒక వైరు ముక్కతో కలిపేశాను. అలా చేస్తే యంత్రం అంతా బాగుందనే అనుకుంటుంది. ఈ-3 మాయమైంది. ఖర్జూరాలు తిని, కాఫీ తాగి, నా అంత మొనగాడు లేడనుకుంటూ వచ్చేశాను.

పది రోజుల తర్వాత షాపుకు ఫోను వచ్చింది. తీసింది గంగారాం అన్న. ఆ ఇంట్లో పనిచేసే సత్యవతమ్మ అట, కోనసీమ మనిషి, బాయిలర్ మీద అంటించిన మా నంబరు చూసి చేసింది. ఆమె చెప్పిన మాట ఆయన ఫోను పెట్టాక నాకు తిరిగి చెప్పాడు. మీ మనిషి వచ్చి వెళ్ళినప్పటి నుంచి ఈ ఇంట్లో ఎవరో ఉన్నారండీ, అందట. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ ఇంట్లో ఏం చేసి వచ్చావని అడిగాడు. పొగగొట్టం సాఫ్ చేశాను అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన ఇంకేమీ అడక్కుండా వ్యాను తాళాలు తీసుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి గలాలీ చేరాం. ఉత్తరపు గాలి విసురుగా వీస్తోంది, ఇసుక కళ్ళలో పడుతోంది. గంగారాం అన్న ఇంటిచుట్టూ తిరిగి డాబా చూస్తానని అటు వెళ్ళాడు. నేను లోపలికి వెళ్ళాను. బాయిలర్ గదికీ సత్యవతమ్మ గదికీ మధ్య తలుపు లేని వాకిలి ఒక్కటే అడ్డు. కిటికీ అద్దం నిండా చెమ్మ. ఆమె మంచం మీద కూర్చుని ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. సంగతంతా చెప్పుకొచ్చింది. మధ్యాహ్నం పని అయ్యాక తలనొప్పితో నడుం వాల్చి కళ్ళు మూతలు పడుతుండగా ఎవరో పిలుస్తారట. లేచి పెరట్లోకి వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరట. ఇంటివాళ్ళకు చెబితే ఒక పెద్దాయనను పిలిపించి ఖురాను చదివించారు. అయినా పిలుపు ఆగలేదు. ఈమెకు పిచ్చి పట్టిందని తేల్చి, శుక్రవారం విమానానికి ఎక్కించేస్తున్నారు. ఇద్దరు పిల్లల చదువు ఆమె జీతం మీదే నడుస్తోంది. పిచ్చిదని ముద్ర వేసి పంపితే మళ్ళీ ఏ ఇంటికీ వీసా రాదని ఆమె భయం.

"నన్ను సత్తీ అని పిలుస్తుందండి. అలా పిలిచేది మా అమ్మొక్కత్తేనండి. ఆవిడ పోయి ఆరేళ్ళయిందండి."

ఆ గొంతు గోడకున్న గాలి కంతలోంచి వస్తోందనుకుని పాత చీర కుక్కి మూసేసింది. మూశాక తలనొప్పి ఎక్కువైంది, పిలుపూ ఎక్కువైంది. భయపడ్డకొద్దీ ఇంకాస్త గట్టిగా కుక్కింది. వింటుండగానే నా తల దిమ్మెక్కుతోంది. పావుగంట గడిచిందేమో, నా వెనక ఎవరో చెప్పులీడ్చుకుంటూ నడిచారు. గంగారాం అన్న అనుకుని తిరిగి చూశాను. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. సత్యవతమ్మ నా మొహం చూసి, మీకూ వినపడిందా అని మెల్లగా అడిగింది.

అప్పుడే గంగారాం అన్న నిజంగా వచ్చాడు. గడపలో నిలబడి అద్దం వైపు ఒక్క చూపు చూశాడు. మా ఇద్దరి రెక్కలూ పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చి గాలికి కూర్చోబెట్టాడు. సిలిండరు కట్టేసి, కింది కిటికీలన్నీ తీసి, గోడకంతలోని చీర పీకి పారేశాడు. డాబా మీద పొగగొట్టం టోపీ గాలికి ఒరిగిపోయిందట, లోపల పావురం గూడు పెట్టిందట. బయటికి పోలేని పొగలోని ఆవిరే అద్దానికి అలా చెమ్మగా పట్టింది. గది తేలికపడ్డాక బాయిలర్ మూత విప్పాడు. వైరు ముక్కను చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. మూడు మెలికలు వేసి కొస ఎడమకు మడిచిన ముడి అది. అలా మడవడం నాకు నేర్పింది ఆయనే.

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. ఇంటి యజమానీ ఆయన భార్యా పెరట్లోకి వచ్చి నిలబడి ఉండగా, నా పక్కకు వచ్చి తెలుగులో చిన్నగా అడిగాడు.

"నువ్వు చెప్తవా తమ్మీ, నన్ను చెప్పమంటవా?"

ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది, మళ్ళీ ఆర్మూరులో దిగుతాను, ఇంతవరకే ఆలోచించాను ఆ క్షణంలో. సత్యవతమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ముందు ఆమెకే చెప్పాను. పొగలో కంటికి కనపడని విషం ఉంటుందని, దానికి తల తిరిగి లేనివి వినపడతాయని, ఆ పొగను ఆపే కాపలాను పది రోజుల కింద నేనే తీసేశానని. తిడుతుందనుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది.

"అయితే నాకు పిచ్చి లేదన్నమాట. ఆ మాట వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పండన్నయ్యా."

నాకు వచ్చిన అరబ్బీ పది మాటలు. వాటిలోంచే ఏరుకున్నాను. "హాదీ మాఫీ మజ్నూన్. అనా గల్తాన్." ఈమెకు పిచ్చి లేదు, తప్పు నాది. మిగతాది గంగారాం అన్న వైరు చూపించి, హిందీలో వివరించాడు. యజమాని తల ఎత్తి, పైన తన పిల్లలు పడుకునే గది కిటికీ వైపు చూశాడు. ఆ అద్దానికీ చెమ్మ పట్టి ఉంది. గబగబా పైకి వెళ్ళి ఆ కిటికీ బార్లా తీసి వచ్చాడు. ఇంటావిడ సత్యవతమ్మ పక్కన కూర్చుని, జారిపోయిన ఆమె తలగుడ్డను సరిచేసింది. శుక్రవారం ప్రయాణం ఆగిపోయింది. నా సంగతి కఫీల్ దాకా వెళ్ళింది. ఆరు నెలలు నన్ను ఒంటరిగా ఏ ఇంటికీ పంపకూడదన్నాడు. గంగారాం అన్న అడ్డం పడకపోతే నన్ను అప్పుడే ఊరికి పంపేసేవాడని తర్వాత తెలిసింది.

తిరిగి వస్తుంటే వ్యానులో అడిగాను, ఆ పిలుపు కూడా పొగ వల్లేనా అన్నా అని. తలకు గాలి అందకపోతే ఏవేవో వినబడతాయని ఆయన ఒప్పుకున్నాడు. వంతెన దాటాక మళ్ళీ అన్నాడు.

"కానీ తమ్మీ, పిలిచినప్పుడల్లా ఆమెను బయటికే పిలిచింది గదా. పిలవకుంటే ఆ మంచం మీదనే పండుకునేది."

చెప్పుల చప్పుడు సంగతి ఆయనకు చెబుదామనుకుని చెప్పలేకపోయాను. ఆ విషయం మళ్ళీ మా మధ్య ఎప్పుడూ రాలేదు. రెండేళ్ళకు ఆయన ఊరికి వచ్చేశాడు, కొన్నాళ్ళకు పోయాడు కూడా. ఆయనకు చెప్పకుండా మిగిలిపోయిన మాట అదొక్కటే.

ఇప్పుడు నాకు సొంత షాపుంది. రోజుకు మూడిళ్ళకు మించి తిరగను. యంత్రం మూత విప్పకముందు ఆ ఇంట్లో ఎక్కువసేపు ఉండే మనిషి దగ్గర కూర్చుని, ఒంట్లో ఎలా ఉందని అడుగుతాను. ఏం వినబడుతోందని కూడా అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరు నాకేదో తేడా చేసిందనుకుంటారు. అనుకోనీ అని ఊరుకుంటాను. ఒకప్పుడు ఒక మనిషిని అడగకుండా యంత్రం నోరు మూసి వచ్చాను నేను. ఆ పది రోజులూ ఆమెను బతికించింది నేను కాదు, ఆమెను బయటికి పిలిచిన ఆ గొంతు.