వార్నిష్ కింద వేలిముద్ర

మా పెద్దమ్మకు బంగారు పతకం వచ్చిన రోజు అమ్మ వీధిలో అందరికీ చెప్పింది. పక్కింటావిడ మాత్రం, "మందుల షాపా మీ అక్కది?" అని అడిగింది. ఫార్మకాలజీ అంటే మందు ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుందో, ఎప్పుడు ఎదురు తిరుగుతుందో కనిపెట్టే శాస్త్రమని అమ్మ ఓపిగ్గా వివరించింది. ఆవిడ అంతా విని, "అయితే తలనొప్పికి ఏది మంచిదో అడిగి చెప్పు" అంది.

పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు. "కప్పలతోనే సరిపోతోంది, పైగా మొగుడొకడా?" అనేది. ముప్ఫై ఏళ్ళు ఒకే ప్రయోగశాలలో, కిటికీ పక్క బల్ల దగ్గర, కప్ప గుండెలతో గడిపింది. ఆమె మొదలుపెట్టిన రోజుల్లో కంప్యూటర్లు లేవు. నున్నటి కాగితాన్ని ఇత్తడి డ్రమ్ముకు చుట్టి, కిరోసిన్ పొగ మీద తిప్పి మసి పట్టించేవారు. గాజు తొట్టిలో ఉప్పునీళ్ళలో వేలాడదీసిన గుండెకు దారంతో కట్టిన సన్నటి పుల్ల ఆ మసి మీద గీసుకుంటూ పోయేది. గుండె కొట్టుకుంటే తెల్ల గీత ఎగిరేది, ఆగితే సాపుగా సాగేది. పని అయ్యాక కాగితాన్ని వార్నిష్‌లో ముంచి ఆరేస్తే ఇక ఆ గీతకు చావు లేదు. ముంచకముందు మాత్రం చిటికెన వేలు తగిలినా చెరిగిపోయేది. ముంచి ఆరేసే అటెండరును అందరూ వార్నిష్ మావయ్య అనేవారు. అతని గోళ్ళు సెలవు రోజుల్లో కూడా పచ్చగానే ఉండేవి.

పెద్దమ్మకు పేరూ, పతకమూ తెచ్చింది గుండె దడకు ఆమె కనిపెట్టిన మాత్ర. దాని మొదటి గీత ఉన్న కాగితానికి అద్దం కట్టించి సంస్థ హాల్లో వేలాడదీశారు. కాగితం కుడి చివర బొటనవేలంత మరక ఉంది. వచ్చిన ప్రతి అతిథికీ డైరెక్టరు గారు, "ఇదిగో, మా మేడం గారి వేలిముద్ర!" అని చూపించేవారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట వినగానే పెద్దమ్మ కుడిచెయ్యి వెనక్కి పెట్టుకునేది. ఆ హాలు మీదుగా నడిచేది కూడా కాదు, వెనక మెట్లెక్కి చుట్టూ తిరిగి తన గదికి వెళ్ళేది. అడిగితే మోకాళ్ళకు మంచిదనేది. మోకాళ్ళ నొప్పులకు మెట్లెక్కడం మందని చెప్పిన మొదటి శాస్త్రవేత్త మా పెద్దమ్మే అయ్యుంటుంది.

ఒక మధ్యాహ్నం ఆమెకు ఓ చిన్న ఊరి డాక్టరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "మీ మాత్ర వాడుతున్నవాళ్ళు ముగ్గురు, దగ్గు మందు తాగాక స్పృహ తప్పారు. ఇద్దరు తేరుకున్నారు, ఒకాయన పోయాడు. కాకతాళీయమే కావచ్చు. మీకేమైనా తెలుసా?" అని రాశాడు.

నేను ఆ రోజు ఆమె ఇంట్లోనే ఉన్నాను. ఉత్తరం నా చేతికిచ్చి కుర్చీలో కూలబడింది.

"కాకతాళీయమేలే పెద్దమ్మా" అన్నాను.

"కాదే. నాకు తెలుసు."

అప్పుడు చెప్పింది. ఇరవై రెండేళ్ళ కిందట, ఆ అద్దంలో ఉన్న కాగితం మీదే, మందు వేశాక గీత చక్కగా నడిచింది. సంతోషం పట్టలేక, పక్క తొట్టిలో ఇంకో గుండెను పెట్టి మళ్ళీ మందు వేసింది. అది నాలుగుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. చూస్తే ఆ గాజు తొట్టి కడగనిది. పొద్దున ఎవరో విద్యార్థి దగ్గు మందులో వేసే సరుకును అందులో పరీక్షించి అలాగే వదిలేశాడు. కడగని తొట్టిలో వచ్చిన ఫలితాన్ని ఏ ప్రయోగశాలలోనూ లెక్కలోకి తీసుకోరు.

"బొటనవేలితో తుడిచేశాను. వార్నిష్ మావయ్య చూసి, 'ఎందుకాగిందో రాసిపెట్టుకోరా అమ్మా?' అన్నాడు. 'నీకెందుకు, ముంచు' అన్నాను."

"అందరూ చేసేదే కదా?"

"చేసేదే. కానీ ఈ రెండు మందులూ కలిస్తే గుండె ఆగుతుందేమో అని నాకా క్షణమే అనిపించింది. రేపు చూద్దాంలే అనుకున్నాను. రేపటికల్లా వ్యాసం పంపాలి."

నాకు ఒళ్ళు మండింది, అబద్ధమెందుకు. వంటింటి చెంచాతో మందు కొలిచిందని అమ్మను గంటసేపు తిట్టిన మనిషి ఈమేనా అనిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అని మొహం మీదే అన్నాను. ఆమె తల వంచుకుని వింది. అలా వినడం నేనెప్పుడూ చూడలేదు, దాంతో నా కోపం ఏడుపైపోయింది.

మర్నాడే సామాన్ల గదిలోంచి పాత డ్రమ్ము తీయించింది. కొత్త యంత్రాలు నడపడం ఆమెకు రాదు, సాయానికి రమ్మని కుర్ర శాస్త్రవేత్తలను అడగడానికి మొహం చెల్లలేదు. రిటైరైన వార్నిష్ మావయ్య చేతికర్రతో వచ్చాడు. ఈసారి కావాలనే రెండు మందులూ కలిపి వేసింది. ఆరు గుండెల్లో అయిదు ఆగిపోయాయి.

"ముంచమంటారా అమ్మా?"

"ముంచు మావయ్యా."

"ఆ రోజూ ముంచమనే అన్నారు" అన్నాడతను, ఎత్తిపొడుపు లేకుండా.

పత్రికకూ, ప్రభుత్వానికీ రాసింది. "దుష్ఫలితం సంగతి రాయండి మేడం, మరక సంగతి ఎవరడిగారు?" అన్నారు డైరెక్టరు గారు. ఆ సంగతే ముందు రాసింది. మాత్రల పెట్టె మీద ఎర్రక్షరాల హెచ్చరిక వచ్చింది. పతకం వెనక్కిమ్మని మాత్రం ఎవరూ అడగలేదు. ఎవరైనా అడుగుతారని ఆమె కొన్ని నెలలు ఎదురుచూసింది.

చివరికి, పోయినాయన ఇంటికి వెళ్దాం, తోడు రా అంది. ఆయన బస్సు కండక్టరట. భార్య బట్టలు కుడుతుంది. ఒకే గది, కిటికీ దగ్గర మిషను, ఆమె మెడలో టేపు. మేమెవరమో చెప్పగానే తొక్కుతున్న కాలు ఆపింది.

"ఆ దగ్గు మందు నేనే తాగించానండీ" అంది, మేమేమీ అడగకుండానే. "వద్దు మొర్రో అంటున్నా గడ్డం పట్టుకుని తాగించాను. డాక్టరుగారు అదేం మందని అడిగిన రోజే నాకర్థమైపోయింది. ఏడాదిగా నా చేతులు నాకే చూడబుద్ధి కావట్లేదు."

"మీ తప్పు కాదమ్మా. పెట్టె మీద రాసుంటే మీరు తాగించేవారు కాదు. రాయించాల్సింది నేను."

"అంటే మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇరవై రెండేళ్ళ నుంచి."

ఆమె ఒళ్ళోని కత్తెర తీసి పక్కన పెట్టింది. "అయితే నేను కాదు" అంది మెల్లగా. మళ్ళీ, "నేను కాదన్నమాట" అంది. కళ్ళు తుడుచుకుని పెద్దమ్మకేసి తిరిగింది.

"ఇంక వెళ్ళండి. మళ్ళీ రాకండి."

పెద్దమ్మ దణ్ణం పెట్టింది. ఆమె చూడలేదు. మేం వీధిలోకి వచ్చాక లోపల మిషను చప్పుడు మొదలైంది, ఆగింది, మళ్ళీ మొదలైంది. పెద్దమ్మ గోడ పట్టుకుని నిలబడి, అది ఆగకుండా సాగేదాకా విని, అప్పుడు నడిచింది.