అక్క పాట మీద రెండు కూటముల గోల

మా బేస్‌మెంట్‌లో ఉంటున్న నల్గొండ కుర్రాడు నిన్న కాలేజీకి బయలుదేరుతూ, వాళ్ళమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ, బొమ్మ కాసేపు ఆగిపోయేసరికి "ఏం సిగ్నల్ అంకుల్ ఇది, పరమ వేస్ట్" అని విసుక్కున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. మనిషి గొంతు అందకపోవడమంటే ఏమిటో వీడికేం తెలుసు?

నేను రెజైనాలో రేడియో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, విదేశాల్లో ఉన్న మనవాళ్ళ కోసం మన దేశం నుంచి షార్ట్‌వేవ్‌లో ప్రసారాలు వచ్చేవి, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా అక్క వాటిలో లలిత గీతాలు పాడేది. గొంతులో గడ్డ లేచిందనీ, ఆపరేషన్ అయ్యాక ఇక పాడలేకపోవచ్చని డాక్టరు చెప్పాడనీ, వచ్చే ఆదివారం పాట తప్పకుండా వినమనీ కబురు పెట్టింది. ఆ ఉదయం నేనూ, నాతోపాటే చదువుతున్న మా మేనబావా కిటికీలోంచి తీగ లాగి, మంచులో దిగబడుతూ పెరటి చెట్టుకు కట్టి, కాఫీ కూడా తాగకుండా రేడియో ముందు కూర్చున్నాం.

ప్రచ్ఛన్న యుద్ధం రోజులవి. అక్క పల్లవి ఎత్తుకుందో లేదో, ఒక కూటమి వార్తలు వచ్చి మీద పడ్డాయి. ఆ వార్తలు తమ జనం చెవిన పడకూడదని రెండో కూటమి రంపపు మోత పెట్టింది. మధ్యలో మా అక్క నలిగిపోయింది. "ఏందిరా ఈ అన్యాయం, మీ అక్క వీళ్ళకేం చేసింది?" అంటూ బావ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మర్నాడు వెళ్ళి మా ప్రొఫెసర్‌ను నిలదీశాను. అంతర్జాతీయ సమావేశాలకు వెళ్ళొచ్చిన మనిషి ఆయన. ఏ దేశం ఎప్పుడు ఏ ఫ్రీక్వెన్సీ వాడుతుందో ముందుగా చెప్పుకునే పద్ధతి ఉందిగానీ, ఢీకొన్నప్పుడు పెద్ద దేశాలను తప్పుకోమనే నాథుడే లేడని చల్లగా సెలవిచ్చారు. మన బస్సుల్లో కిటికీలోంచి రుమాలు విసిరి సీట్లు ఆపుతారే, అలా రెండు కూటములూ ఒకే కార్యక్రమానికి నాలుగైదు ఫ్రీక్వెన్సీలు ఆపి పెట్టుకునేవట! తమలో తాము ఎంత తన్నుకున్నా, మూడోవాడికి చోటివ్వకూడదన్న దగ్గర మాత్రం ఇద్దరూ ఒక్కటే. ఆకాశమేమన్నా వాళ్ళ అబ్బ సొత్తా? ఇన్నేళ్ళయినా నా కడుపుమంట చల్లారలేదు.

ఆపరేషన్ తరువాత అక్క చాలాకాలం బతికింది. గుసగుసగా మాట్లాడేది, పాట మాత్రం మళ్ళీ పలకలేదు.

ఇప్పుడు షార్ట్‌వేవ్ కోసం కొట్టుకునేవాళ్ళే లేరు. ఆనాటి ఫ్రీక్వెన్సీలోనే మొన్న రేడియో పెట్టి చూశాను, ఒక్క స్టేషనూ లేదు. ఎవరైనా హాయిగా పాడుకోవచ్చు. పాడడానికి మా అక్క లేదు.